తొలి అంకె

లోకంలో మంచివారు, చెడ్డవారు అని రెండు తెగలవారు ఉన్నారనీ, అవినీతి అన్నది ఆ రెండవ తెగకు సంబంధించిన వ్యవహారమనీ సాధారణంగా అందరూ తలపోస్తారు. లంచం తీసుకొంటూ పట్టుబడిన అధికారిని గురించిన వార్తను ఉదయం పత్రికలో చదివే పాఠకుడు, తనకు తెలియకుండానే తనను మొదటి తెగలో చేర్చుకొని కాఫీ గ్లాసు అందుకొంటాడు. ఈ విభజనలో ఎంతో సుఖం ఉంది. వచ్చిన చిక్కల్లా అది నిజం కాకపోవడమే. నీతి తప్పి పట్టుబడినవారి జీవితాలను కొంచెం ఓపికతో పరిశీలిస్తే, వారిలో పెక్కుమంది పుట్టుకతో దుర్మార్గులు కారనీ, ఒకనాడు నలుగురిచేత మంచివారనిపించుకొన్నవారేననీ, తాము ఏ రోజున మారిపోయారో వారు కూడా చెప్పలేరనీ తెలుస్తుంది.

‘ఏకులా వచ్చి మేకైనట్లు’ అని తెలుగువారి సామెత. ఏకు అంటే నూలు వడకడానికి దూదిని మెత్తగా చుట్టిన చుట్ట. అరచేతిలో పెట్టుకొంటే దాని బరువు కూడా తెలియదు. మేకు ఇనుపది. ఒకసారి దిగిందంటే ఊడబెరకడం కష్టం. అణకువగా ఇంట్లో చేరి, కొన్నాళ్ళకు ఇంటివారిమీదనే పెత్తనం చెలాయించే చుట్టాన్ని గురించి ఈ సామెతను వాడడం పరిపాటి. కాని మనిషి మనస్సులో చోటు సంపాదించుకొనే అధర్మానికి ఇది మరింత చక్కగా అతుకుతుంది.

కామ క్రోధ లోభ మోహ మద మాత్సర్యాలనే ఆరింటిని పెద్దలు మానవుని అంతశ్శత్రువులుగా పేర్కొన్నారు. ఇవి బలవంతులైన శత్రువులే గాని, ఒక విధంగా నిజాయితీ గల శత్రువులు. కోపం వచ్చినవానికి తనకు కోపం వచ్చిన సంగతి తెలుస్తుంది. అసూయతో కుమిలేవానికి నిద్ర పట్టదు. వీటి సరసన చేర్చదగిన ఏడవ శత్రువు ఒకటున్నది. దానికి లోకం పెట్టిన ముద్దుపేరు ‘సర్దుబాటు’. ఇది మిత్రుని వేషంలో వస్తుంది. ఈ ఒక్కసారికి మాత్రమే అంటుంది. ఎవరికీ నష్టం లేదంటుంది. వచ్చే నెలలో సరిచేయవచ్చునంటుంది. దీనిని లోనికి రానిచ్చినవానికి తలుపు తీసినట్లు కూడా గుర్తుండదు.

మహాభారతం ఉద్యోగపర్వంలో శల్యుడు ధర్మరాజుకు చెప్పిన నహుషోపాఖ్యానం ఈ విషయాన్నే కన్నులకు కట్టిస్తుంది. వృత్రుని వధించిన పాపానికి వెరచి ఇంద్రుడు దాగుకొన్నప్పుడు, దేవతలు, ఋషులు కలిసి ఎవరిని ఇంద్రపదవిలో కూర్చుండబెట్టాలా అని ఆలోచించి, భూలోకంలో ధర్మపరుడైన రాజుగా పేరుపొందిన నహుషుని ఎంచుకొన్నారు. తాను దుర్బలుడననీ, అంతటి పదవికి తగననీ అతడు మొదట సంకోచించాడు. ఆ వినయం కపటం కాదు. పదవిలోనికి వచ్చిన తరువాత కొంతకాలం నందనోద్యాన విహారాలతో, నృత్యగీతాలతో గడిచింది. అందులో తప్పు పట్టవలసినది పెద్దగా లేదు. ఇంద్రుని సింహాసనం తనదైనప్పుడు ఇంద్రుని భార్య మాత్రం తనది ఎందుకు కాకూడదన్నది తరువాతి మెట్టు. తన పల్లకిని మహర్షులచేత మోయించడం ఆపై మెట్టు. మోస్తున్న అగస్త్యుని శిరస్సును కాలితో తాకడం చివరిది. ఆ క్షణంలోనే శాపగ్రస్తుడై, కొండచిలువగా మారి నేలమీద పడ్డాడు. పదవిని స్వీకరించిన రోజున ‘నీవు ఒకనాడు మహర్షిని కాలితో తన్నుతావు’ అని ఎవరైనా చెప్పి ఉంటే, నహుషుడు చెవులు మూసుకొని ఉండేవాడు. అతడు ఆ పనిని ఎన్నడూ తలపెట్టలేదు. ముందటి మెట్టుమీద నిలబడినవానికి తరువాతి మెట్టు చాలా దగ్గరగా కనిపించింది, అంతే.

ఇది పురాణకథ కనుక అతిశయోక్తి అని కొట్టివేసేవారు ఉండవచ్చు. అట్టివారికొరకు, హైదరాబాదు నగరంలోనే ఇటీవలి కాలంలో జరిగిన ఉదంతం ఒకటున్నది.

1987లో స్థాపితమైన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అనే సంస్థ, రెండు దశాబ్దాలలో భారతదేశపు అగ్రశ్రేణి సాఫ్ట్‌వేర్ సంస్థలలో ఒకటిగా ఎదిగింది. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో దాని పేరు నమోదైంది. సుమారు 53,000 మంది అందులో ఉద్యోగాలు చేసేవారు. తెలుగునాట ఎన్నో గ్రామాలలో, ఆ సంస్థలో కొడుకుకో కూతురుకో కొలువు దొరకడం కుటుంబం దశ తిరగడంగా భావింపబడేది. దాని అధినేత బైర్రాజు రామలింగరాజు వ్యాపారవేత్తగా మాత్రమే ప్రసిద్ధులు కారు. గ్రామాలలో విద్య, వైద్యం, త్రాగునీరు వంటి సేవలకు ఆయన కుటుంబం 2001లో ఒక ఫౌండేషన్‌ను నెలకొల్పింది. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ వెనుక కూడా ఆయన చొరవ ఉన్నది. కార్పొరేట్ సంస్థల సుపరిపాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ పురస్కారం 2008లో సత్యం సంస్థను వరించింది.

2009 జనవరి 7వ తేదీన రామలింగరాజు తమ డైరెక్టర్ల బోర్డుకు ఒక లేఖ వ్రాశారు. సంస్థ పద్దులలో నగదు, బ్యాంకు నిల్వల క్రింద చూపిన 5,361 కోట్ల రూపాయలలో 5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో అంగీకరించారు. ఒక్కరోజులోనే సంస్థ షేరు విలువ నాలుగింట మూడు వంతులకు పైగా కూలిపోయింది. ఇచ్చిన పురస్కారాన్ని ఇచ్చినవారు వెనుకకు తీసుకొన్నారు. సంస్థ పేరులోని ‘సత్యం’ అనే మాటపై పరిహాసాలు వెల్లువెత్తాయి. ఆ పరిహాసాల నడుమ ఆ లేఖలోని అతిముఖ్యమైన విషయం పలువురి దృష్టికి రాలేదు. వాస్తవంగా వచ్చిన లాభానికీ, పద్దులలో చూపిన లాభానికీ మధ్య మొట్టమొదట ఉన్న అంతరం చాలా స్వల్పమైనదనీ, సంవత్సరాలు గడిచేకొద్దీ అది పెరిగి అదుపు తప్పిందనీ ఆయన అందులో పేర్కొన్నారు. పులిపై స్వారీ చేస్తున్నవాడు దాని నోట పడకుండా క్రిందికి దిగడం ఎట్లో తెలియక తికమకపడే స్థితితో తమ స్థితిని పోల్చుకొన్నారు.

ఆ స్వల్పమైన అంతరం అట్లు పెరగడానికి కారణం లెక్కల స్వభావంలోనే ఉంది. ఇక్కడ కొంచెం నిలిచి చూడడం అవసరం. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు సంస్థ ప్రకటించిన రాబడి 2,700 కోట్లు. లేఖ ప్రకారం అసలు రాబడి 2,112 కోట్లు. ప్రకటించిన నిర్వహణ లాభం 649 కోట్లు. అసలు లాభం 61 కోట్లు. రెండు చోట్లా తేడా సరిగ్గా 588 కోట్లే. లేని అమ్మకానికి ఖర్చు ఉండదు కనుక, కల్పించిన ప్రతి రూపాయీ నేరుగా లాభంలో చేరిపోయింది. లాభం వచ్చిందన్న తరువాత ఆ డబ్బు ఎక్కడో ఒకచోట కనిపించాలి కదా! అందుకని బ్యాంకులో ఉన్నట్లు చూపవలసి వచ్చింది. బ్యాంకులో ఉన్నట్లు చూపిన తరువాత దానికి డిపాజిట్ల రసీదులు కావాలి, వడ్డీ రావాలి. కనుక లేని డబ్బుకు లేని వడ్డీ 376 కోట్లు పుట్టింది. దర్యాప్తు సంస్థలు వెలికితీసిన దొంగ బిల్లులే ఏడువేలకు పైగా ఉన్నాయి. వీటన్నింటికంటె కఠినమైన నియమం మరొకటి. ఈ త్రైమాసికంలో చూపిన అంకెకంటె వచ్చే త్రైమాసికంలో పెద్ద అంకె చూపకపోతే మార్కెట్టు ముఖం చిట్లిస్తుంది. అంటే నిన్నటి అబద్ధం నేటి అబద్ధానికి పునాదిగా మారుతుంది. మొదటిసారి అంకెను దిద్దిన చేతికి, రెండవసారి దిద్దడం మానుకొనే స్వేచ్ఛ ఉండదు.

2008 డిసెంబరు 16న, తమ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు సత్యం చేత కొనిపించడానికి ప్రయత్నం జరిగింది. వాటాదారులు ఆగ్రహించడంతో అది గంటల్లోనే ఆగిపోయింది. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను పెట్టి ఖాళీని పూడ్చే చివరి ప్రయత్నం అదేనని లేఖలో ఉంది. ‘వచ్చే నెలలో సరిచేయవచ్చు’నన్న ఆ పాత సర్దుబాటు మాట, ఎన్నో సంవత్సరాల తరువాత కూడా బ్రతికే ఉన్నదన్నమాట.

తరువాతి కథ తెలిసినదే. ప్రభుత్వం బోర్డును రద్దుచేసి కొత్త డైరెక్టర్లను నియమించింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా సంస్థ దానిని చేపట్టింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా నిర్ధారించి, రామలింగరాజుకు ఏడేళ్ళ జైలుశిక్ష విధించింది. లెక్కలకు కావలి కాయవలసిన ఆడిటర్లు ఇద్దరు ఆ పదిమందిలో ఉన్నారు. దోషులు అప్పీలు చేసుకోగా, మరుసటి నెలలోనే పై న్యాయస్థానం శిక్ష అమలును నిలిపి బెయిలు మంజూరు చేసింది. తాము ఒక్క రూపాయి కూడా స్వంతానికి వాడుకోలేదని రాజు లేఖలో చెప్పిన మాటను సెబీ అంగీకరించలేదు. అక్రమంగా పొందిన లాభాన్ని తిరిగి కట్టవలసిందిగా 2014లో ఆదేశించింది.

ఈ ఉదంతాన్ని విన్నవారు, ఆయన చేసిన దానధర్మాలన్నీ నటనలేనని తేల్చివేస్తుంటారు. అది తొందరపాటు. నడిరోడ్డుమీద నెత్తురు మడుగులో పడి ఉన్న మనిషిని 108 వాహనం ఆసుపత్రికి చేర్చినప్పుడు, అక్కడ నిలిచిన ప్రాణం నటన కాదు. ఒకే మనిషిలో మంచి, చెడు పక్కపక్కనే కాపురం ఉండగలవు. ఒకదానిని మరొకటి ఖండించకుండా కూడా ఉండగలవు. సామాన్యులలో సైతం ఈ గుణం కనిపిస్తుంది. తూకంలో మోసం చేసే వర్తకుడు గుడి హుండీలో నోటు వేస్తాడు. పై రాబడితో ఇల్లు కట్టిన ఉద్యోగి అన్నదానానికి చందా ఇస్తాడు. మనస్సు ఒక పద్దు పుస్తకం పెట్టుకొని, ఒక వైపు పుణ్యం జమ వేసి రెండవ వైపు పాపం ఖర్చు వ్రాసుకొంటుంది. ఈ పుస్తకానికి ఆడిటరు కూడా తానే. మంచి పేరు ఉన్నవానికి చెడు చేయడం మరింత సుళువు కావడానికి ఇదొక కారణం. మంచివాడనన్న నమ్మకమే అతని చేతిలోని అనుమతిపత్రం.

మనస్సు ఇట్లు మొద్దుబారడం కవుల కల్పన కాదని శాస్త్రజ్ఞులు కూడా చూపించారు. లండన్ యూనివర్సిటీ కాలేజికి చెందిన పరిశోధకులు 2016లో ఒక అధ్యయనాన్ని ప్రకటించారు. అందులో పాల్గొన్నవారు ఒక సీసాలోని చిల్లర నాణేల మొత్తాన్ని అంచనా వేసి మరొకరికి చెప్పాలి. అబద్ధం చెబితే తమకు లాభం కలిగే విధంగా ఏర్పాటు చేశారు. ఆరంభంలో చెప్పిన అబద్ధాలు చిన్నవి. క్రమంగా అవి పెద్దవయ్యాయి. అదే సమయంలో, ఉద్వేగాలకు స్పందించే అమిగ్డలా అనే మెదడు భాగంలోని స్పందన అబద్ధం వెంట అబద్ధానికి తగ్గుతూ వచ్చింది. తొలిసారి కలిగిన జంకు పదవసారి కలగలేదు. (ఇట్టి పరిశోధనలు చేసేవారు మాత్రం ఈ నియమానికి అతీతులని అనుకోరాదు. మనుషులచేత నిజం చెప్పించడం ఎట్లు అన్న విషయంపై 2012లో అమెరికాలో వెలువడిన ఒక ప్రసిద్ధ వ్యాసాన్ని, అందులోని గణాంకాలు కల్పితాలని తేలడంతో 2021లో ఉపసంహరించవలసి వచ్చింది!)

ఇంతకంటె ప్రసిద్ధమైనది 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రాం ఆరంభించిన ప్రయోగం. నాలుగు డాలర్ల పారితోషికానికి వచ్చిన నలభైమంది సామాన్య పౌరులను ఒక్కొక్కరినే యంత్రం ముందు కూర్చుండబెట్టారు. గోడకు ఆవల ఉన్న వ్యక్తి జవాబు తప్పినప్పుడల్లా అతనికి విద్యుత్ తాకిడి ఇవ్వాలి. యంత్రంపై ముప్ఫై మీటలు ఉన్నాయి. మొదటిది 15 వోల్టులు, రెండవది 30, మూడవది 45. ఇట్లు పదిహేనేసి చొప్పున పెరిగి చివరిది 450. ఆవల ఉన్నవాడు నటుడు. అతనికి నిజంగా విద్యుత్తు తాకదు. ఆ సంగతి మీట నొక్కేవానికి తెలియదు. చివరి మీటదాకా వెళ్ళేవారు వేయికి ఒక్కరుంటే ఎక్కువని మనోవైద్యులు ముందుగా ఊహించారు. నలభైమందిలో ఇరవై ఆరుగురు వెళ్ళారు. వారు చెమటలు పట్టి, చేతులు వణుకుతూ, ఆపుదామని అడుగుతూనే వెళ్ళారు.

ఈ ప్రయోగాన్ని అధికారానికి మనిషి దాసోహమనడానికి నిదర్శనంగా చెప్పడం వాడుక. అది నిజమే. కాని ఆ మీటల అమరికను కూడా గమనించాలి. మొట్టమొదటనే 450 వోల్టుల మీట నొక్కమని ఉంటే చాలామంది కుర్చీలోనుండి లేచి వెళ్ళిపోయి ఉండేవారు. 150 వోల్టులు నొక్కినవానికి 165 నొక్కడం తప్పని అనిపించడం కష్టం. తప్పని ఒప్పుకొంటే, క్షణం క్రిందట చేసినది కూడా తప్పేనని ఒప్పుకోవాలి. కనుక మనిషి తన గౌరవాన్ని కాపాడుకోవడానికే మరొక మీట నొక్కుతాడు. సత్యం పద్దులలోని త్రైమాసికాలు కూడా ఇట్టి మీటలే.

పదిహేను వోల్టుల మీట అనుభవం పొందడానికి యేల్‌కు గాని, పెద్ద సంస్థలకు గాని వెళ్ళనవసరం లేదు. ఇంటర్మీడియట్ కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో అది సిద్ధంగా ఉంటుంది. లఘులోలకం సహాయంతో గురుత్వ త్వరణాన్ని కనుగొనే ప్రయోగం ప్రతి విద్యార్థికీ తెలుసు. దారానికి గుండును వ్రేలాడదీసి, ఇరవై డోలనాలకు పట్టిన కాలాన్ని స్టాప్‌వాచితో కొలిచి, సూత్రంలో ప్రతిక్షేపించాలి. పుస్తకంలోని విలువ సెకనుకు సెకనుకు 980 సెంటీమీటర్లు. విద్యార్థికి 950 వస్తుంది; లేదా 1,010 వస్తుంది. బొటనవ్రేలు కొంచెం ఆలస్యంగా నొక్కడం వలననో, దారం పొడవును గుండు మధ్యభాగం వరకు కాక అంచు వరకే కొలవడం వలననో అట్లు జరుగుతుంది. అందులో అవమానం లేదు. అయినా రికార్డు పుస్తకంలో 980కి దగ్గరగా లేకపోతే మార్కులు తగ్గుతాయన్న భయంతో, విద్యార్థి జవాబునుండి వెనుకకు లెక్కకట్టి, కాలం గడిలో అంకెలు నింపుతాడు. పక్కవాడు కూడా అదే చేస్తున్నాడు. సంతకం చేసే అధ్యాపకుడు కూడా తన విద్యార్థిదశలో బహుశః అదే చేసి ఉంటాడు. ఎవరికీ నష్టం లేదు. ఆకాశం విరిగిపడదు.

కాని అక్కడ జరిగినదేమిటి? ముందు ఫలితాన్ని నిర్ణయించుకొని, దానికి తగిన ఆధారాలను తరువాత కల్పించడం. 2,700 కోట్లు ముందు వ్రాసుకొని బిల్లులు తరువాత పుట్టించడానికీ దీనికీ పరిమాణంలో భూమ్యాకాశాల అంతరం ఉంది. పద్ధతి మాత్రం ఒకటే. విచారింపవలసిన విషయం మరొకటి కూడా ఉంది. నిజంగా కొలిచి 950 వ్రాసిన విద్యార్థికి ఆరు మార్కులు, కొలవకుండా 979 వ్రాసినవానికి పది మార్కులు ఇచ్చే ప్రయోగశాలలో, భౌతికశాస్త్రంకంటె ముందుగా మరొక విద్య అలవడుతుంది. నిజమైన మూడు శాతం లాభాన్ని ఈసడించి, కల్పించిన ఇరవై నాలుగు శాతం లాభానికి జేజేలు పలికిన మార్కెట్టు కూడా అట్టి అధ్యాపకుడే. నేరం విద్యార్థి ఒక్కనిదే అనడం న్యాయం కాదు. తిలాపాపం తలా పిడికెడు.

పొరపాటును, అవినీతిని ఒకే గాటకట్టడం కూడా తప్పు. లెక్క తప్పడం, మాట జారడం, కొలత సరిగా రాకపోవడం మనిషికి సహజం. ప్రతి చిన్న లోపానికీ గుండెలు బాదుకొనేవాడు నీతిమంతుడు కాడు; అతడు తనను గురించి మాత్రమే ఆలోచించే మరొక రకం మనిషి. తేడా తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. పొరపాటును నలుగురికీ చూపవచ్చు. సర్దుబాటును దాచవలసి ఉంటుంది. కొట్టివేసి పక్కన తిరిగి వ్రాసిన అంకె పొరపాటు. తెల్లని రంగు పూసి పైన వ్రాసిన అంకె వేరు.

కఠినమైన చట్టాలు వస్తే ఇవన్నీ తగ్గుతాయని చెప్పేవారున్నారు. కొంతవరకు నిజమే. సత్యం ఉదంతం తరువాత వచ్చిన 2013 నాటి కంపెనీల చట్టం, ఒకే ఆడిటరు ఏళ్ళ తరబడి ఒకే సంస్థ లెక్కలు చూడకుండా కట్టడి చేసింది. మోసానికి శిక్షలను పెంచింది. అవి అవసరమే. అయితే చట్టానికి కనిపించేది మేకు మాత్రమే. ఏకు దానికంటికి ఆనదు. దారిద్ర్యం వలననే అవినీతి పుడుతుందన్న వాదానికి సత్యం ఉదంతమే జవాబు.

ఇక మనిషి సహజంగా క్రిందికి జారేవాడే కనుక చేయగలిగింది ఏమీ లేదని నిట్టూర్చేవారు, మిల్‌గ్రాం ప్రయోగంలో ఒక భాగాన్ని చదవలేదని అనుకోవాలి. ఆయన ఆ ప్రయోగాన్ని ఎన్నో విధాలుగా మార్చి చేశారు. ఒక ఏర్పాటులో మీట నొక్కే వ్యక్తి పక్కన మరి ఇద్దరిని కూర్చుండబెట్టారు. వారు కూడా నటులే. కొంతదూరం సాగిన తరువాత ఒకరు ‘ఇక నావల్ల కాదు’ అని లేచిపోతారు. మరికొంతసేపటికి రెండవవారు కూడా లేస్తారు. ఈ ఏర్పాటులో చివరి మీటదాకా వెళ్ళినవారు నలభైమందిలో నలుగురే. యంత్రం అదే, ఆజ్ఞ అదే, మనుషులు కూడా అదే బాపతు సామాన్యులు. పక్కనున్న ఇద్దరు లేచి నిలబడడమే తేడా. ప్రయోగశాలలో 950 వ్రాసి, ఎందుకు తేడా వచ్చిందో క్రింద రెండు వాక్యాలు చేర్చే విద్యార్థి ఒక్కడున్నా, పక్క బల్లమీదివారికి అంకె మార్చడం కొంచెం కష్టమవుతుంది.

ఆ విధంగా పక్కన లేచి నిలబడేవారు లేనప్పుడు మనిషి తానే వెళ్ళి తన పద్దును మరొకరి ముందు విప్పవలసి ఉంటుంది. గాంధీజీ తమ ఆత్మకథ ‘సత్యశోధన’లో బాల్యంనాటి దొంగతనాలను ఏ మెరుగులూ దిద్దకుండా వ్రాశారు. పినతండ్రి పారవేసిన సిగరెట్టు ముక్కలను ఏరి కాల్చడంతో అది మొదలైంది. ముక్కలు చాలకపోవడంతో, బీడీలకొరకు ఇంటి నౌకరు జేబులోని చిల్లర కాజేయడం తరువాతి మెట్టు. పదిహేనేళ్ళ వయస్సులో, అన్నగారు చేసిన ఇరవై ఐదు రూపాయల అప్పు తీర్చడానికి, ఆ అన్న చేతి బంగారు కడియంలోనుండి చిన్న ముక్క కత్తిరించడం మూడవ మెట్టు. అప్పు తీరింది. ఎవరూ కనిపెట్టలేదు. నాలుగవ మెట్టుకు దారి తెరిచే ఉంది.

గాంధీజీ ఒక కాగితంమీద జరిగినదంతా వ్రాసి, తగిన శిక్ష విధించమని కోరి, ఇక ముందు దొంగతనం చేయనని మాట ఇచ్చి, తండ్రి చేతికి అందించారు. దెబ్బలు తినవలసి వస్తుందన్న భయంకంటె, తండ్రికి కలిగే బాధ ఆయనను ఎక్కువ వణికించింది. కరంచంద్ గాంధీ అప్పటికి జబ్బుతో బల్లమీద పడుకొని ఉన్నారు. లేచి కూర్చుండి ఆ కాగితాన్ని చదివారు. కన్నీళ్ళు జారి కాగితం తడిసింది. ఒక క్షణం కళ్ళు మూసుకొని, దానిని చింపివేసి, మళ్ళీ పడుకొన్నారు.